సొంతంగా విమానం నేర్పబోయే మేనల్లుడికి

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫ్లయింగ్ స్కూలు ఉద్యోగం మాని, విమానాలున్నవారి దగ్గరికే వెళ్లి సొంతంగా శిక్షణ ఇవ్వబోతున్నావని మీ అమ్మ చెప్పింది. నీలాగే అమెరికాలో నేనూ అదే పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి, మొదటి విద్యార్థిని ఎక్కించుకోకముందే బీమా సంగతి తేల్చుకోమని రాస్తున్నాను.

అక్కడ ఇన్‌స్ట్రక్టరుకు బీమా ఉండి తీరాలని ఎఫ్.ఏ.ఏ. (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ఏదీ లేదు. యజమానికి పాలసీ ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను. మన లారీ పాలసీలో యజమాని అనుమతితో బండి నడిపే డ్రైవరుకు కూడా థర్డ్ పార్టీ నష్టాల నుంచి రక్షణ ఉంటుంది. ఆ లెక్క అక్కడ పనికిరాదు. ఒక సాయంత్రం నా విద్యార్థి సెస్నా 172 అనే చిన్న విమానాన్ని దించుతూ ముందు చక్రాన్ని నేలకు గట్టిగా కొట్టాడు. విమానం రెండుసార్లు ఎగిరిపడి, ప్రొపెల్లర్ కొసలు రన్‌వేకు రాసుకుని వంగిపోయాయి. ప్రొపెల్లర్ నేలకు తగిలితే ఇంజన్ విప్పి లోపల పరీక్షించాలి కనుక, ఖర్చు ప్రొపెల్లరుతో ఆగలేదు. బీమా కంపెనీ యజమానికి సొమ్ము చెల్లించి, కొన్ని నెలల తరువాత అదంతా నన్ను కట్టమని లాయరు నోటీసు పంపింది. ఒకరి నష్టం పూడ్చిన కంపెనీ, అందుకు కారకుడైనవాడి నుంచి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కును సబ్రొగేషన్ అంటారు. ఆ మాట నేను మొదటిసారి చదివింది నా పేరు మీద వచ్చిన ఆ నోటీసులోనే.

కనుక పాలసీలోని పైలట్ల జాబితాలో నీ పేరు ఉన్నంత మాత్రాన తృప్తిపడకు. దానివల్ల, నీవు నడుపుతుండగా ప్రమాదం జరిగినా యజమానికి పరిహారం అందుతుంది, అంతవరకే. ఇతరులు నీ మీద వేసే దావాల కోసం నిన్ను అదనపు బీమాదారుగా చేర్చాలి. విమానానికి జరిగే నష్టం విషయంలో నీపై సబ్రొగేషన్ హక్కును కంపెనీ వదులుకోవాలి. ఈ రెండూ కాగితం మీద ఉండాలి. ఏజెంటు ఫోనులో ఇచ్చే మాట చాలదు.

దీనికి తోడు, నీది కాని విమానాలకు వర్తించే పాలసీ నీ పేరిట తీసుకో. డబ్బు తీసుకుని శిక్షణ ఇవ్వడాన్ని అది మినహాయించకూడదు. విమానం నష్టానికి రక్షణ విడిగా కొనవలసి ఉంటుంది. పది లక్షల డాలర్ల పాలసీ అని రాసి ఉన్నా, ప్రయాణికుడికి లక్షకు మించి ఇవ్వబోమనే ఉపపరిమితి ఉందేమో చూడు, ఎందుకంటే నీ పక్కన కూర్చునే విద్యార్థి ఆ లెక్కలోకే రావచ్చు. నీవు విమానంలో లేనప్పుడు, విద్యార్థి ఒంటరిగా ఎగిరి ప్రమాదం తెచ్చుకుంటే నీ బోధనను తప్పుపట్టే దావాకు రక్షణ ఉందో లేదో కూడా అడుగు. సోలో అనుమతుల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని నిబంధన. నీవు ఇంకా ఎక్కువకాలం ఉంచుకో.

సంతకం చేసే ముందు పాలసీ కాగితాలు నాకు పంపు. మినహాయింపుల పేజీని వదలకుండా జతచేయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య