8 వేల సైటా, 75 వేల సైటా: మా చీరల కొట్టు లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారానికి వెబ్‌సైట్ కావాలి. తెలిసిన కుర్రాడు 8 వేలకి చేస్తానంటున్నాడు, ఏజెన్సీవాళ్ళు 75 వేలు అడుగుతున్నారు. చూపించిన శాంపిళ్ళు రెండూ ఒకేలా ఉన్నాయి, మరి ఆ 67 వేలు దేనికి?

మాది మంగళగిరిలో చేనేత చీరల కొట్టు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేనూ మా ఆవిడా చూసుకుంటున్నాం. నేను రెండు రకాలవాళ్ళకీ డబ్బు కట్టాను. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

2019 ఆగస్టులో మా మేనత్త కొడుకు స్నేహితుడు ఒకతను 6,500కి సైటు చేసిపెట్టాడు. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడప్పుడు. నాలుగు రోజుల్లో ఇచ్చేశాడు. మొదటి పేజీలో ఆరు చీరల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటే నాన్న కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చూపించాడు. అదే ఊపులో సైటు అడ్రసు అచ్చు వేయించి 3,000 క్యారీబ్యాగులు కూడా కొట్టించాం.

ఆ ఆరు ఫొటోలూ నా ఫోన్‌లో తీసినవే. ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. వాటిని అతను తగ్గించకుండా యథాతథంగా ఎక్కించేశాడు. అంటే మా సైటు మొదటి పేజీ తెరవాలంటేనే పాతిక ఎంబీకి పైగా డౌన్‌లోడ్ అవ్వాలి. కొట్లో వైఫై మీద ఠక్కున వచ్చేది కాబట్టి మాకేం తెలీలేదు. సైటు తెరుచుకోకపోతే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు కదా, పక్కకెళ్ళిపోతారంతే. ఊళ్ళో ఉండే మా వదిన చెబితే బయటపడింది. "అది తిరుగుతూనే ఉందయ్యా, నువ్వు వాట్సాప్‌లో పెట్టు, చూస్తా" అంది. అదే ఫొటోని సరిగ్గా తగ్గించి పెడితే 150 కేబీలో సరిపోతుందని, చీర నేత కూడా కనిపిస్తుందని మూడేళ్ళ తర్వాత తెలిసింది.

తెలుగు సంగతి ఇంకో తమాషా. మా కరపత్రం మేటర్ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించింది. అది సైటులో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వచ్చాయట. దాంతో కరపత్రాన్నే ఫొటోగా మార్చి పెట్టేశాడు. మన కంటికి అది తెలుగే, గూగుల్‌కి మాత్రం ఉత్త బొమ్మ. "మంగళగిరి నిజాం బార్డర్ చీర" అని తెలుగులో వెతికినవాళ్ళకి మా కొట్టు ఏ జన్మలోనూ దొరకదు. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మనం మామూలుగా తెలుగు కొట్టే పద్ధతిలో, టైప్ చేసి, గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే మల్లన్నో, మండలో, రామభద్రో పెట్టుంటే అయిపోయేది. పైసా ఖర్చు లేని పని, కానీ ఆ సంగతి అతనికీ తెలీదు, నాకూ తెలీదు. మీరు తెలుగులో కూడా రాయించాలనుకుంటే ఇద్దరినీ ముందు ఇదే అడగండి. తడబడినవాడు తెలుగు సైటు ఎప్పుడూ చెయ్యలేదన్నమాట.

ఆన్‌లైన్ పేమెంట్ పెడదామని పేమెంట్ గేట్‌వేకి, అంటే కస్టమర్ కట్టిన డబ్బు మన ఖాతాకి చేర్చే కంపెనీకి, అప్లై చేస్తే తిరక్కొట్టారు. ఎందుకా అని చూస్తే, మా రిఫండ్ పాలసీ పేజీలో ఎక్కడో కోయంబత్తూరులోని నగల కొట్టు అడ్రసు ఉంది. కాపీ కొట్టినవాడు పేరు మార్చడం మర్చిపోయాడు. మా ఆవిడ అది చదివి పడీ పడీ నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు.

2021 మొదట్లో డల్లాస్‌లో ఉండే పాత కస్టమర్ ఒకావిడ స్క్రీన్‌షాట్ పంపింది. గూగుల్‌లో మా కొట్టు పేరు కొడితే, కింద వరసగా జపాన్ అక్షరాలు. "మీరు జపాన్‌లో బ్రాంచి పెట్టారాండీ?" అని అడిగింది పాపం. సైటులోకి ఎవడో దూరి, మా పేరు మీద వేల కొద్దీ దొంగ పేజీలు పెట్టి, వాటిల్లో నకిలీ సరుకు అమ్ముకుంటున్నాడు. ఇది పాత రోగమేనట, జపనీస్ కీవర్డ్ హ్యాక్ అని దీనికో పేరు కూడా ఉంది. మేం సైటు నేరుగా తెరిస్తే మామూలుగానే కనిపించేది, అందుకే పట్టుకోలేకపోయాం. శుభ్రం చేసినతను 5,000 తీసుకుని అసలు కారణం చెప్పాడు. సైటు రూపం ముందే తయారుగా ఉండే అచ్చుని థీమ్ అంటారు, డబ్బు పెట్టి కొనాల్సిన అలాంటి థీమ్‌ని మా కుర్రాడు ఎక్కడో ఊరికే దొరికితే దింపుకుని వాడాడు. అలాంటివాటిని నల్డ్ థీమ్ అంటారు, చాలావాటిలో దొడ్డిదారి ముందే పెట్టి ఉంటుంది. పైగా మా సైటు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌ని ఏడాదిన్నరగా అప్‌డేటే చెయ్యలేదు. వర్డ్‌ప్రెస్ ఉచితమే, కానీ దాన్ని నెలనెలా చూసుకోవడానికి మనిషి కావాలి. 6,500లో ఆ మనిషి లేడు.

ఇవన్నీ ఒక ఎత్తు, అదే ఏడాది ఆగస్టులో జరిగింది ఒక ఎత్తు. శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు సైటు మాయమైంది. డొమైన్ గడువు, అంటే ఏడాదికింతని కట్టి మన పేరున ఉంచుకునే సైటు అడ్రసు గడువు, అయిపోయింది. అంతకుముందు ఏడాది అతనే అడిగి 3,500 తీసుకుని రెన్యువల్ చేశాడు, ఈసారి అడగలేదు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, నంబరు మారింది. డొమైన్ నా పేరు మీద లేదు. అతని ఈమెయిల్, అతని ఖాతా, అతని ఫోన్‌కి వచ్చే ఓటీపీ. ఊరంతా తిరుగుతున్న నా క్యారీబ్యాగుల మీది అడ్రసుకి ఓనర్ వేరే మనిషి అని ఆ రోజు తెలిసింది.

డాట్‌కామ్ గడువు దాటగానే పోదు. సాధారణంగా ఓ నెల వరకు మామూలు రేటుకే రెన్యువల్ చేసుకోనిస్తారు, ఆ తర్వాత ఇంకో 30 రోజులు జరిమానా కడితే ఇస్తారు, అదీ దాటితే డొమైన్ ఎవరికైనా దొరుకుతుంది. మేం అతన్ని పట్టుకునేసరికి రెండో దశలో పడ్డాం. తెనాలిలో వాళ్ళమ్మగారి దగ్గర కొత్త నంబరు తీసుకుని, రాత్రి పదకొండింటికి చేస్తే ఎత్తాడు. "అన్నా, సారీ అన్నా, మెయిల్స్ వచ్చాయి గానీ చూసుకోలేదు" అన్నాడు. అప్పటికప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చాడు. అతను ఓటీపీ చదువుతుంటే నేను ఇక్కడ టైప్ చేసుకుంటూ కూర్చున్నా. జరిమానాతో కలిపి 9,000 దాకా వదిలింది. ఆ మధ్య రోజుల్లో మా ఆవిడా, కొట్లో పనిచేసే అమ్మాయీ కూర్చుని, మిగిలిన బ్యాగుల మీద అడ్రసు కనపడకుండా ఫోన్ నంబర్ స్టిక్కర్లు అంటించారు.

ఆ కుర్రాణ్ణి నేనిప్పటికీ తప్పుపట్టను. 6,500కి నాలుగు రోజుల పని వస్తుంది, అతను నాలుగు రోజుల పని చేశాడు. రెండేళ్ళ పూచీ ఆ డబ్బులో ఉందని నాకు నేనే అనుకున్నా. పవర్‌లూమ్ చీర 600కి వస్తుంటే మీది 1,800 ఏంటండీ అని రోజుకి పదిమంది అడుగుతారు. గుంట మగ్గం మీద నేత అంటే ఏంటో, బార్డర్ తిప్పి చూపించి ఓపిగ్గా చెబుతాం. అలాంటి నేనే వెళ్ళి 6,500 సైటు తెచ్చుకున్నాను. నాన్న ఈ మాట అన్నప్పుడు కోపమొచ్చింది గానీ ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

2022లో రెండోది చేయించాం. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నా. ఒకాయన లక్షా ఎనభై వేలన్నాడు. అందులో మొబైల్ యాప్, ఆరు నెలల డిజిటల్ మార్కెటింగ్, ఇంకా ఏవేవో ఉన్నాయి. మా కొట్టుకి యాప్ దేనికో ఆయన చెప్పలేకపోయాడు. ఎక్కువ అడిగినవాళ్ళంతా ప్రొఫెషనల్స్ కారు, ఇది కూడా గుర్తుంచుకోండి. మేం ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరే మనుషులున్న చిన్న టీమ్. 48,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 56,640.

మొదటి మీటింగులో వాళ్ళు రంగులూ డిజైన్లూ ఎత్తలేదు. ఆర్డర్ వస్తే ఫోన్ ఎవరెత్తుతారు, ఒకే చీర కొట్లోనూ సైటులోనూ ఒకేసారి అమ్ముడైతే ఏం చేస్తారు, వెనక్కి వచ్చే చీరలు ఎక్కువగా ఎందుకు వస్తున్నాయి, ఇవీ అడిగారు. మా చీరలు తిరిగొచ్చేది రంగు తేడా వల్ల. అది చెప్పగానే, మా ఫీజు నుంచి ఓ రెండు వేలు తగ్గించుకోమన్నా తగ్గించుకుంటాం గానీ ఫొటోలు మాత్రం సరిగ్గా తీయించండి అన్నారు. 12,000 పెట్టి ఫొటోగ్రాఫర్‌ని పిలిపించాం. రంగులు వెతుక్కునేచోట నీలం, ఆకుపచ్చ అని కాకుండా మన ఆడవాళ్ళు అడిగినట్టే ఆనంద, రాణి, చిలకపచ్చ, మిరపపండు అని పెట్టారు. నాకు ఆ 48 వేలు కళ్ళెదుట కనిపించింది అక్కడే. ఇంట్లోవాళ్ళకి కూడా తట్టని సంగతి అది.

ఇంకోటి, రెండు పేజీల ఒప్పందం రాసిచ్చారు. డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్ళు పెట్టుకునే అద్దె చోటు) నా ఖాతాల్లోనే ఉంటాయని, కోడ్ మీద హక్కులు నాకే రాసిస్తున్నామని అందులో ఉంది. ఇది ఊరికే పెట్టే మాట కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, మన ఉద్యోగి కాకుండా బయటివాడు రాసిన కోడ్ మీద హక్కు, రాతపూర్వకంగా మనకి ఇస్తే తప్ప, రాసినవాడిదే. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. డబ్బు కట్టాం కాబట్టి మనదే అనుకుంటాం, చట్టం అలా అనుకోదు.

ఇక లెక్క. చౌక సైటుకి మొత్తం 6,500, 3,500, 5,000, 9,000 కలిపి 24,000. రెండో దానికి మూడేళ్ళకి సైటు, ఫొటోలు, ఏడాదికి 9,000 చొప్పున రెండేళ్ళ మెయింటెనెన్స్, డొమైన్ హోస్టింగ్ అన్నీ కలిపితే లక్ష దాటింది. "చౌకది చివరికి ఎక్కువ ఖరీదు" అని అందరూ అంటుంటారు గానీ మా పుస్తకంలో అలా తేలలేదు. ఎంత తగలేసినా చౌకదే చౌక. కాకపోతే ఆ 24 వేల సైటు రెండేళ్ళలో తెచ్చింది పది ఆర్డర్లు కూడా లేవు. కొత్తది వచ్చాక మొదటి ఆరు నెలలూ పెద్ద తేడా లేదు, టెన్షన్ పడ్డాం కూడా. తర్వాత మెల్లగా నెలకి ఇరవై ముప్పై ఆర్డర్ల దగ్గర నిలబడింది. అది సైటు వల్లేనా, ఫొటోల వల్లనా అంటే సగం ఫొటోల వల్లే అంటాను.

మీ విషయానికొస్తే, నన్నడిగితే ఇప్పుడే రెండూ వద్దు. నెలకి ఎన్ని పార్సెళ్ళు బయటి ఊళ్ళకి వెళ్తున్నాయో చూసుకోండి. పదీ పదిహేను లోపైతే వాట్సాప్ బిజినెస్ కేటలాగు, గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ చాలు, రెండూ ఉచితం. 2019లో నేను చెయ్యాల్సింది కూడా అదే. అంతకు మించి ఉండి, మెసేజీలకి జవాబివ్వలేక చేతులెత్తేస్తున్నారంటే అప్పుడు మంచి సైటు పెట్టండి. ఆ 75 వేలవాళ్ళని బేరమాడి తగ్గించమనడం కంటే, వాళ్ళ లిస్టులో మీకు అక్కర్లేనివి తీయించండి. పెళ్ళి ఆర్డర్లు, బెల్లంవి చక్కెరవి వేరుగా, ఎన్నాళ్ళు నిలవుంటాయో, రేకు విరక్కుండా ఎలా ప్యాక్ చేస్తారో, ఇవి ఉంటే చాలు. తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే నంబరు పెట్టాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వ్యాపారం అసలు పేరు, అడ్రసు, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు కూడా ఉండాలి. ఇద్దరినీ ఈ మాట అడిగి చూడండి, ఎవరికి తెలుసో ఎవరికి తెలీదో అక్కడే తేలుతుంది. వాళ్ళు ఇదివరకు చేసిన సైట్లని వాళ్ళ లాప్‌టాప్‌లో కాదు, మీ ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో, వైఫై ఆపేసి తెరవండి.

ఎవరికి ఇచ్చినా, ఇవ్వకపోయినా, డొమైన్ మాత్రం ఈ వారంలోనే మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో మీరే కొనుక్కోండి. ఏడాదికయ్యేది పెద్ద ఖర్చేం కాదు. మొదటి ఏడాది డిస్కౌంట్ చూసి మోసపోకుండా, రెన్యువల్ రేటు ఎంతో చూసి కొనండి. ఆ తర్వాతే బ్యాగులు కొట్టించండి. మా దగ్గర స్టిక్కర్లు అంటించినవి ఓ కట్ట ఇంకా అటక మీదే ఉంది.