బ్లేడ్ మార్చేముందు ప్యాడ్లు చూడండి

క్లీవర్‌తో (ఆప్టికల్ ఫైబర్ కొనను తిన్నగా కోసే పరికరం) కోసిన ఫైబర్‌ను స్ప్లైసర్ (రెండు ఫైబర్ కొనలను కరిగించి అతికించే యంత్రం) పదేపదే యాంగిల్ ఎర్రర్ (కోత ఏటవాలుగా ఉంది) అంటూ ఒప్పుకోవడం లేదని, బ్లేడ్ అరిగిందేమోనని అడిగారు. తొందరపడి కొత్తది కొనకండి. ముందు ఫైబర్‌ను నొక్కిపట్టే రబ్బరు ప్యాడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన కాటన్ బడ్‌తో తుడవండి. ఫైబర్ మందం 125 మైక్రాన్లే కదా, ప్యాడ్ మీద ఫైబర్ నుంచి ఒలిచిన కోటింగ్ (పైపూత) పొట్టు ఇసుమంత ఉన్నా ఫైబర్ మెలితిరిగి కోత ఏటవాలుగా వస్తుంది. నాకు ఎక్కువసార్లు దోషం అక్కడే దొరికింది.

అప్పటికీ కోత వాలు కోణం 1 డిగ్రీ దాటుతుంటే బ్లేడ్‌ను తర్వాతి నంబరుకు తిప్పండి. చాలా బ్లేడ్లకు 16 స్థానాలుంటాయి, ఒకచోట అరిగితే మిగతా అంచు బాగానే ఉంటుంది. బ్లేడ్ ఎత్తు సరిచేసే స్క్రూ జోలికి చివరిదాకా వెళ్లొద్దు.

ఇంకోటి, ఫైబర్‌ను కోయకముందే తుడవండి. కోశాక ఆ కొనకు ఏదీ తగలకూడదు.