గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అడవి ఇంకా ఏపుగా పెరగాలి కదా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇదీ: చెట్టు తిండే కార్బన్ డయాక్సైడ్ అయినప్పుడు వాతావరణ మార్పు వల్ల అడవి ఉత్పాదకత ఎందుకు తగ్గుతుంది, అందులో మనుషుల వాటా ఎంత అని.

మాది ములుగు జిల్లా, తాడ్వాయి వైపు. డిగ్రీ చదివేటప్పుడు వేసవి సెలవుల్లో బీడీలు చుట్టే తునికాకు కల్లం దగ్గర కట్టల లెక్క రాసేవాణ్ణి. అమ్మ ఇప్పటికీ ఇప్పపువ్వు ఏరడానికి పోతుంది. చదివింది కొంత, చూసింది కొంత కలిపి చెప్తాను.

మీరన్నది సగం నిజమే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ఆకు తన రంధ్రాలు కాస్త తెరిచినా సరిపోతుంది, నీళ్లూ ఆదా అవుతాయి. కానీ ఆకు ఎంత తయారుచేసింది అన్నది కాదు, చెట్టు శ్వాసకు ఖర్చు పోగా ఎంత మిగిలింది అన్నదే ఉత్పాదకత. రాత్రిళ్లు వేడెక్కితే ఆ ఖర్చు పెరుగుతుంది. పగలు గాలి మరీ పొడిగా ఉంటే నీళ్లు పోకుండా ఆకు రంధ్రాలు మూసేసుకుంటుంది. ఇక బయట కార్బన్ డయాక్సైడ్ ఎంతుంటే మాత్రం ఏం లాభం?

పైగా మాది టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి ఉండే ఆకురాల్చే అడవి. ఏడాది ఎదుగుదల దాదాపు అంతా వానాకాలంలోనూ, ఆ తర్వాత నేలలో తేమ ఉన్నన్నాళ్లూ జరగాల్సిందే. తొలకరి ఆలస్యమైతే ఆ రోజులు పోయినట్టే. నెల వాన ఒక్క రాత్రిలో కురిస్తే వర్షపాతం లెక్కలో లోటు కనపడదు గానీ, ఆ నీళ్లలో ఎక్కువ భాగం వాగుల్లో పడి గోదావరికి పోతుంది.

ఇక మనుషుల సంగతి. నన్నడిగితే మా దగ్గర అన్నిటికన్నా పెద్ద దెబ్బ నిప్పు. తునికాకు లేతగా, పెద్దగా రావాలంటే వేసవి మొదట్లోనే పొదలు కొట్టించాలి. దానికి కూలి ఖర్చు. నిప్పు పెడితే ఖర్చు లేదు, చిగురు కూడా వస్తుంది, అందుకే ఆ అలవాటు పోదు. ఇప్పచెట్టు కిందా అంతే: ఎండుటాకుల మధ్య పువ్వు కనపడదని ముందే కాల్చేస్తారు. ఆకుల్లోని నైట్రోజన్ చాలావరకు పొగలో పోతుంది. బూడిదలో మిగిలిన పొటాష్ లాంటివి గట్టి వాన పడితే కొట్టుకుపోతాయి. అప్పుడే మొలిచిన మొక్కలు మాడిపోతాయి. గింజలేమో నూనెకని చివరిదాకా ఏరేస్తాం. అందుకే మా వైపు ఇప్పచెట్లన్నీ తాతల నాటివే, వాటి కింద మోకాలెత్తు మొక్క దొరకడం కష్టం. ఈ ఏడు పువ్వు బాగానే రాలొచ్చు. అసలు లోటు బయటపడేది ఈ ముసలి చెట్లు పోయాకే.

మనిషి వాటా ఎంత, వాతావరణం వాటా ఎంత అని విడదీయడం నాకు అర్థం లేని పని అనిపిస్తుంది. నిప్పు పెట్టేది మనిషే. అది చెట్టు కిందే ఆరుతుందా, గుట్టంతా ఎక్కుతుందా అన్నది ఆ వారం ఎండనూ గాలినీ బట్టి ఉంటుంది. ఇదివరకు మంటను తట్టుకున్న అడవి, వేడి పెరిగాక అదే మంటను తట్టుకోలేకపోవచ్చు.

మరి ఉపగ్రహాలు పచ్చదనం పెరిగిందంటున్నాయి కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, 2019లో వచ్చిన అధ్యయనం చైనా, భారత్ ముందున్నాయనే చెప్పింది. కానీ అదే అధ్యయనంలో భారత్‌లో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంటభూములది, అడవులది 4.4 శాతమే. 2021 అటవీ నివేదికలో కూడా అటవీ విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్‌లో 647, తెలంగాణలో 632 చదరపు కిలోమీటర్లు పెరిగినట్టు ఉంది. అయితే హెక్టారు దాటిన స్థలంలో 10 శాతం మించి చెట్ల నీడ ఉంటే ఆ లెక్కలో అది అటవీ విస్తీర్ణమే. మామిడితోటైనా, జామాయిల్ తోటైనా సరే. జామాయిల్ తోట చురుగ్గా పెరుగుతుంది, కాదనను. నాలుగైదేళ్లకు నరికి కాగితం మిల్లుకు పంపేస్తారు. అందులో ఇప్పపువ్వూ రాలదు, తునికాకూ దొరకదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలికి దాదాపు 50 వేల చెట్లు కూలాయి. వానలకు నానిన నేల, లోతుకు దిగని వేళ్లు కారణమన్నారు. ఆ ఒక్క గాలినీ వాతావరణ మార్పు ఖాతాలో వేసేయను. కానీ దశాబ్దాలుగా పోగైన కలప గంటల్లో నేలకూలింది. అడవి ఏటా ఎంత కార్బన్ దాచిందని లెక్క రాసుకునేవాళ్లు ఇలా పోయేదాన్ని కూడా రాసుకోవాలి.

చేయగలిగింది లేకపోలేదు. పొదలు కొట్టే కూలి సకాలంలో ఇస్తే తునికాకు కోసం నిప్పు పెట్టే అవసరం చాలావరకు తగ్గుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల ఇప్పచెట్ల కింద వలలు కడుతున్నారు. మా ఊళ్లో వలలు కొనే స్తోమత లేనివాళ్లు పాత చీరలు పరుస్తున్నారు. పువ్వుకు మట్టి అంటదు, కాల్చే పనీ లేదు. ఇసుక లేని పువ్వుకు సంతలో ధర కూడా కాస్త ఎక్కువే పలుకుతుందని అమ్మ అంటుంది.