టెక్ సందేహాలు: మీటర్ చూపే 36లో ఫాస్ఫేట్ ఎంత?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇంట్లో 75 గ్యాలన్ల పగడాల అక్వేరియం ఉంది. హానా హెచ్‌ఐ736 మీటర్‌తో వారానికోసారి నీటిని పరీక్షించి, ఫలితాన్ని ఫోన్ యాప్‌లో నమోదు చేస్తున్నాను. మీటర్ 36 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 36) చూపితే 0.036 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.036) ఫాస్ఫేట్ అని రాస్తున్నాను. అది సరైన స్థాయేనని యాప్ అంటోంది కానీ, రాళ్లపై నాచు దట్టంగా పెరుగుతోంది. నైట్రేట్ 12 పీపీఎం ఉంది. రెండింటి నిష్పత్తి 333కు చేరిందని యాప్ హెచ్చరిస్తోంది. లోపం ఎక్కడుంది? ఈ పనంతా ట్యాంకును దానంతట అదే గమనించి నడిపే కంట్రోలర్‌కే అప్పగించవచ్చా?

జవాబు: మీటర్‌లో గానీ యాప్‌లో గానీ లోపం లేదు, మధ్యలో చేయవలసిన ఒక లెక్క జారిపోయింది. మీ మీటర్ ఫలితాన్ని ఫాస్ఫేట్‌గా కాక ఫాస్ఫరస్‌గా చూపుతుంది. ఫాస్ఫరస్ పరమాణు భారం 31 కాగా, దానికి నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చేరిన ఫాస్ఫేట్ భారం 95. అందువల్ల మీటర్ అంకెను 3.066తో గుణించి, 1000తో భాగిస్తేనే పీపీఎంలలో ఫాస్ఫేట్ ఎంతో తెలుస్తుంది. ఆ లెక్కన మీ ట్యాంకులో ఉన్నది సుమారు 0.11 పీపీఎం. ఫాస్ఫేట్ నాచుకు పోషకం. చాలామంది పెంపకందారులు దాన్ని 0.03 నుంచి 0.1 మధ్య ఉంచాలని చూస్తారు కనుక, నాచు పెరగడంలో వింత లేదు.

పాత నమోదులను అలాగే వదిలేసి, ఈ రోజు నుంచి మాత్రమే సరిచేస్తే గ్రాఫ్‌లో ఫాస్ఫేట్ ఒక్కసారిగా మూడింతలైనట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుగా మందు వేసే ప్రమాదమూ ఉంది. యాప్‌లో సౌకర్యముంటే వివరాలను స్ప్రెడ్‌షీట్‌లోకి దించి, ఫాస్ఫేట్ వరుస మొత్తాన్ని 3.066తో గుణించి తిరిగి ఎక్కించండి. నైట్రేట్ కిట్ పెట్టెను కూడా ఒకసారి చదవండి. అది నైట్రేట్-నైట్రోజన్ చూపే రకమైతే ఫలితాన్ని 4.43తో గుణించాలి.

ఈ మీటర్ కచ్చితత్వానికి తయారీ సంస్థ ఇచ్చిన హద్దు 5 పీపీబీ, దానికి అదనంగా చూపిన విలువలో 5 శాతం. అంటే 36 అని చూపినప్పుడు అసలు విలువ 29 నుంచి 43 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పోయినవారం 33, ఈ వారం 38 వస్తే ఫాస్ఫేట్ పెరిగిందని తీర్మానించకండి. నాలుగైదు వారాల అంకెలు ఒకే దిశలో సాగుతున్నాయా అన్నదే చూడండి. గాజు సీసాపై వేలిముద్ర ఉన్నా, లోపల గాలిబుడగ నిలిచినా ఫలితం మారిపోతుంది కనుక, ప్రతిసారీ మెత్తని గుడ్డతో తుడిచాకే మీటర్‌లో పెట్టండి.

తగ్గించే విషయంలో తొందర వద్దని గట్టిగా కోరుతున్నాను. వారానికి పది శాతం చొప్పున నాలుగుసార్లు నీరు మారిస్తే, లెక్క ప్రకారం 0.11 కాస్తా 0.07కు దిగాలి, కానీ రాళ్లూ ఇసుకా ఇన్నాళ్లూ పీల్చుకున్న ఫాస్ఫేట్‌ను మళ్లీ నీటిలోకి వదులుతాయి కనుక అంత దిగదు. ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు (పెంపకందారులు జీఎఫ్‌ఓ అనేవి) వాడదలిస్తే, సూచించిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పరీక్షించండి. గుళికల గుండా నీటిని పంపే గొట్టం (రియాక్టర్) నుంచి బయటికొచ్చే నీటిలోనూ ట్యాంకులో ఉన్నంత ఫాస్ఫేటే ఉంటే గుళికల పని అయిపోయినట్టే. ఒక్కసారిగా లాగేస్తే పగడాల కణజాలం దెబ్బతింటుంది. సున్నాకు దించితే ఇంకా నష్టం: పగడాల్లో నివసించే సూక్ష్మ శైవలాలకు పోషకం అందక రంగు వెలిసిపోతుంది, ఖాళీ అయిన చోట డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా పరుచుకుంటాయి, వాటిని వదిలించుకోవడం నాచును వదిలించుకోవడం కన్నా చాలా కష్టం.

నిష్పత్తి హెచ్చరికను ఆపేయండి. ఇలాంటి నిష్పత్తులకు మూలమైన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో గమనించింది సముద్రపు ప్లవకాల (నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల) సగటు కూర్పును. మీ ట్యాంకుకు అది మోతాదు చీటీ కాదు. ఫాస్ఫేట్‌ను సరిచేయగానే మీ 333 ఎలాగూ 109 అవుతుంది. నైట్రేట్ 12 ఉండటం వల్ల మీకు ఇబ్బందేమీ లేదు.

ఇక కంట్రోలర్ సంగతి. అపెక్స్ వంటి కంట్రోలర్ల ప్రోబ్‌లు (నీటిలో ముంచి ఉంచే సెన్సర్లు) ఉష్ణోగ్రత, పీహెచ్, లవణీయతలను కొలుస్తాయి; ట్రైడెంట్ పరికరం క్షారత, కాల్షియం, మెగ్నీషియంలను కొలుస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్‌లకు ట్రైడెంట్ ఎన్‌పీ అనే వేరే పరికరం ఉంది. కొన్నా, దాన్ని కొలతకే వాడుకోండి. ఒకే ఒక్క రీడింగ్ ఆధారంగా మోటారు దానంతట అదే మందు పోసేలా మాత్రం అమర్చకండి.

ప్రశ్న: విశాఖపట్నంలో మా ఇంట్లో ఇలాంటి అక్వేరియం పెట్టాలంటే ఏ మీటర్ కొనాలి?

జవాబు: మీటర్ కన్నా ముందు చట్టం చూడాలి. రాతి పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో చేరాయి. ఎవరు అమ్మజూపినా కొనకండి. చట్టం అనుమతించే సముద్రపు చేపలను మాత్రమే పెంచేటట్లయితే ఇంత సూక్ష్మంగా కొలిచే ఫాస్ఫేట్ మీటర్ అవసరం లేదు. అమోనియా, నైట్రైట్, నైట్రేట్‌లకు మామూలు చుక్కల కిట్లు సరిపోతాయి. మొదటి రెండూ సున్నాకు చేరి, అక్కడే నిలిచాక చేపలను వదలండి.