స్టేషన్‌లో కొట్టి, కేసు లేకుండా వదిలేశారు: ఇప్పుడు ఏం చెయ్యాలి?

షాపులో డబ్బు పోయిందని మీ తమ్ముణ్ణి సాయంత్రం స్టేషన్‌కి తీసుకెళ్లి, రాత్రంతా కొట్టి, మర్నాడు తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని కేసేమీ లేకుండా పంపించేశారు, చట్టం మాకేమైనా పనికొస్తుందా, ఫిర్యాదు చేస్తే మళ్ళీ వేధిస్తారా అని అడిగారు. పనికొస్తుంది. అయితే ముందు తమ్ముణ్ణి ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. క్యాజువాలిటీలో "పోలీసులు కొట్టారు" అని ఆ మాటే చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు, కోర్టు వ్యవహారమయ్యే గాయాలకి ఆసుపత్రి రాసే మెడికో లీగల్ కేసు రికార్డు) రాయించండి, దాని నంబర్ రాసుకోండి. బాత్రూమ్‌లో జారిపడ్డాడని చెప్పమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు, ఆ ఒక్క ముక్క కాగితం మీదకి ఎక్కిందంటే రేపు కోర్టులో మీకే అడ్డం వస్తుంది. అరికాళ్లు, తొడలు, వీపు, మణికట్లు అన్నిటికీ ఫోటోలు తీయండి. కమిలిన రంగు రోజురోజుకీ మారిపోతుంది కాబట్టి రేపు కూడా తీయండి.

మా చిన్నాన్న కొడుకు విషయంలో ఇదంతా దగ్గరుండి చూశాను. పనిచేసే గోడౌన్‌లో సరుకు తగ్గిందని యజమాని వాడి మీద అనుమానం చెప్పాడు. మఫ్టీలో ఇద్దరు వచ్చి బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. మేము స్టేషన్‌కి పరిగెత్తితే అక్కడి రైటర్ "ఇక్కడికి ఎవర్నీ తీసుకురాలేదు" అన్నాడు, వాడి చెప్పులు వరండాలో కనబడుతూనే ఉన్నాయి. తెలిసిన లాయర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "అరెస్ట్ చూపించారా?"

మొత్తం విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. మనకున్న రక్షణలు కాగితం మీద తక్కువేమీ కావు. అరెస్ట్ చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి, సాక్షి సంతకంతో అరెస్ట్ మెమో రాయాలి, డాక్టర్‌తో పరీక్ష చేయించాలి, లాయర్‌ని కలవనివ్వాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. వీటిలో చాలావరకు డి.కె. బసు కేసులో 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినవే, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టంలో 36, 38, 47, 48, 53, 58 సెక్షన్లుగా ఉన్నాయి. కానీ కొట్టడం చాలాసార్లు అరెస్ట్ చూపించక ముందే అయిపోతుంది. "విచారణకి పిలిచాం, కూర్చోబెట్టాం, పంపించేశాం" అంటారు. రికార్డులో మనిషే లేడు. మీ తమ్ముడికి జరిగింది సరిగ్గా ఇదే. అందుకే రికార్డులో లేని ఆ గంటల్ని మనమే రికార్డులోకి ఎక్కించాలి. ఆ 24 గంటల్ని కూడా పోలీసులు రాసుకున్న టైమ్ నుంచి కాదు, మనిషిని పట్టుకున్న నిమిషం నుంచి లెక్కపెట్టాలని తెలంగాణ హైకోర్టు 2024లో తేల్చి చెప్పింది.

మా లాయర్ ఆ రాత్రే చేయించింది అదే. 112కి ఫోన్ చేయించింది, ఎందుకంటే ఫోన్ చేసిన టైమ్ రికార్డులో ఉంటుంది. ఎస్పీ ఆఫీసుకి మెయిల్ పెట్టించింది: పేరు, ఎన్ని గంటలకి, ఎక్కడ నుంచి, ఏ బండి మీద, ఇప్పుడు ఏ స్టేషన్‌లో ఉన్నాడని. పొద్దున్నకల్లా విడుదల చేయకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) వేస్తామని కూడా అందులోనే రాయించింది. తెల్లారేసరికి అరెస్ట్ చూపించారు. అప్పటికే అరికాళ్లు వాచిపోయి వాడు నిలబడలేకపోతున్నాడు, ఆసుపత్రి కాగితంలో మాత్రం గాయాలు లేవని రాసుంది. రిమాండ్‌కి తీసుకొచ్చినప్పుడు కోర్టు వరండాలో ఆవిడ వాడికి చెప్పింది ఒక్కటే: "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా అని మేజిస్ట్రేట్ అడుగుతారు. పక్కన ఎవరున్నారో చూడకు, లేదని తల ఊపకు, కాళ్లు చూపించు." వాడు చూపించాడు. మేజిస్ట్రేట్ గాయాలు రాసుకుని వేరే ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేయించమన్నారు. ఈరోజుకీ మా కేసులో బలమైన సాక్ష్యం ఆ రెండో రిపోర్టే. గోడౌన్ యజమాని పెట్టిన కేసు నిలబడలేదు, మేము పోలీసుల మీద నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో వేసిన ప్రైవేట్ కంప్లైంట్ ఇంకా నడుస్తోంది.

ఆ రెండో పరీక్ష ఎంత ముఖ్యమో తెలియాలంటే 2021 మే నెలలో అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు అరెస్ట్ గుర్తు తెచ్చుకోండి. సీఐడీ కస్టడీలో తనని కొట్టారని ఆయన చెప్పారు, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు కొట్టిన గాయాలు కావంది, సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రికి పంపితే కాలి వేలు ఎముక విరిగిందని తేలింది. మీరు ఏ పార్టీ వాళ్లయినా సరే, ఒక ఎంపీకే ఢిల్లీ దాకా వెళ్తే గానీ సరైన పరీక్ష జరగలేదన్నది చూడండి. మేజిస్ట్రేట్ దగ్గర ఆ అడుగు పడకపోతే ఏమవుతుందో తమిళనాడు సాత్తాన్‌కుళంలో చూశాం. 2020 జూన్‌లో లాక్‌డౌన్‌లో మొబైల్ షాపు తెరిచి ఉంచారంటూ తండ్రినీ కొడుకునీ పట్టుకెళ్లి కొడితే, రక్తం కారుతున్న వాళ్లని మేజిస్ట్రేట్ దగ్గరికి పిలిచి చూడకుండానే రిమాండ్‌కి పంపారని వార్తలొచ్చాయి. ఇద్దరూ చనిపోయారు. ఆ స్టేషన్‌లో సీసీటీవీ ఫుటేజ్ ఏరోజుకారోజు చెరిగిపోయేలా పెట్టి ఉందని తర్వాత విచారణలో బయటపడింది.

ఫుటేజ్ సంగతి మీరూ వెంటనే చూడాలి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, లోపలికీ బయటికీ వెళ్లే దారులతో సహా ఆడియోతో కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు ఫుటేజ్ భద్రపరచమని ఎస్పీకి స్పీడ్ పోస్టులో ఈ వారమే రాయండి. తర్వాత "కెమెరా పాడైంది" అన్నా, మీరు ముందే అడిగారన్న రుజువు మీ చేతిలో ఉంటుంది.

తెల్లకాగితం మీద సంతకం గురించి భయపడొద్దు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదు, దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోవడమే చట్టవిరుద్ధం. బలవంతంగా సంతకం పెట్టించారని ఫిర్యాదులో రాసెయ్యండి, చాలు.

నేరం ఒప్పించడానికో, పోయిన సొమ్ము కక్కించడానికో కొడితే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 120 కింద ఏడేళ్ల వరకు, తీవ్రమైన గాయమైతే పదేళ్ల వరకు జైలు. అక్రమ నిర్బంధానికి 127 ఉంది. మీరు ఎస్సీ, ఎస్టీ అయితే అత్యాచార నిరోధక చట్టం గురించి కూడా లాయర్‌ని అడగండి. ముందు ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లండి. విధి నిర్వహణలో చేశాం, ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు చెల్లదని వాళ్లు తప్పకుండా వాదిస్తారు, దానికి మీ లాయర్ ముందే సిద్ధపడాలి. నష్టపరిహారం కోసం హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఒడిశాలో పోలీసులు పట్టుకెళ్లిన 22 ఏళ్ల కుర్రాడు మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనబడితే, వాళ్లమ్మ నీలాబతి బెహరా రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1993లో లక్షన్నర పరిహారం ఇప్పించింది.

ఇన్ని చెప్పినా, చిత్రహింసని ప్రత్యేకంగా నేరంగా చూసే చట్టం మన దేశంలో ఇప్పటికీ లేదు. చిత్రహింసకి వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1997లో సంతకం చేశాం, ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ పాస్ చేసిన బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయింది, 2017లో లా కమిషన్ మళ్ళీ సిఫార్సు చేసినా చట్టం రాలేదు. నాకు దీని మీద చాలా కోపం ఉంది, ఎందుకంటే చీకట్లో ఏం జరిగిందో నిరూపించే బరువంతా ఇప్పుడు దెబ్బలు తిన్నవాడి మీదే పడుతోంది.

వేధింపు సంగతికొస్తే, మీ భయం నిజమే. మాకూ రాజీ కబుర్లు వచ్చాయి, "కుర్రాడి భవిష్యత్తు చూసుకోండి" అన్నారు. కానీ ఫిర్యాదు ఎస్పీ, కోర్టు, మానవ హక్కుల కమిషన్ మూడు చోట్లా నమోదయ్యాక ఇంటికి రావడం ఆగిపోయింది. మళ్ళీ పిలిస్తే ఫోన్ మీద వెళ్లొద్దు, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3) కింద రాతపూర్వక నోటీసు అడగండి, లాయర్‌తోనే వెళ్లండి. లాయర్‌కి ఇవ్వడానికి డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయం నంబర్ 15100కి ఫోన్ చేయండి లేదా జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. మానవ హక్కుల కమిషన్‌కి ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి. ఎన్ని గంటలకి తీసుకెళ్లారో, ఎన్నింటికి వదిలారో, ఎవరు చూశారో కింద రాస్తే ఎస్పీకి ఇచ్చే ఫిర్యాదు ఎలా రాయాలో చెప్తాను. స్టేషన్ పేరు, పోలీసుల పేర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, వాటిని ఫిర్యాదులోనే రాయండి.