బ్యాటరీ మార్చే ముందు ఒక్క రాత్రి మైనస్ వైరు తీసి చూడండి

రాత్రి పార్క్ చేసిన కారు పొద్దున జంప్ ఇస్తే తప్ప స్టార్టవడం లేదు, ఒకసారి స్టార్టయ్యాక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు, బ్యాటరీ వేసి 14 నెలలే అయింది, షాపతను కొత్తది వేయించుకోమంటున్నాడు అని రాశారు. దయచేసి ఇప్పుడే డబ్బులు పెట్టకండి. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను తొందరపడి బ్యాటరీ కొన్నాను. మూడు వారాలకి మళ్లీ మొదటికొచ్చింది.

జంప్ ఇస్తే వెంటనే అందుకుంటోందంటే సెల్ఫ్ మోటారు, పెట్రోలు సప్లై, తాళం దాదాపు అన్నీ బాగున్నట్టే. ఇక మిగిలినవి నాలుగు: బ్యాటరీ చార్జ్ నిలుపుకోలేకపోవడం, ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపే జనరేటర్) చార్జ్ చేయకపోవడం, కారు ఆగి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు తాగుతుండడం, టెర్మినళ్ల దగ్గర కాంటాక్ట్ సరిగ్గా లేకపోవడం.

చివరిది ఐదు నిమిషాల పని కాబట్టి ముందు అదే చూడండి. క్లాంపును, అంటే టెర్మినల్‌కి వైరుని పట్టి ఉంచే బిగింపును, చేత్తో పట్టుకుని తిప్పితే కదలకూడదు. తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటే విప్పి, వేడినీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆరాక గట్టిగా బిగించి పైన వేజలిన్ రాయండి. ఇక్కడ చాలామంది మోసపోతారు. జంపర్ క్లిప్పు మనం ఎక్కువగా ఆ క్లాంపుకే పెడతాం. దాంతో అవతలి కారు కరెంటు, తుప్పు పట్టిన జాయింటుతో పని లేకుండా, నేరుగా సెల్ఫ్‌కి వెళ్లిపోతుంది. బండి స్టార్టవుతుంది, నింద మంచి బ్యాటరీ మీద పడుతుంది.

నా బండిలో తప్పు క్లాంపుది కాదు. మాది విజయవాడ, బండి చిన్న పెట్రోల్ కారు, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇచ్చేంత) బ్యాటరీ. మే నెలలో ఒక సోమవారం అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాలని సెల్లార్‌లోకి దిగితే సెల్ఫ్ టకటకమని ఊరుకుంది. ఎండలకి బ్యాటరీ పోయిందన్నారు, నమ్మి కొత్తది వేయించాను. మళ్లీ ఆగినప్పుడు కూడా సోమవారమే కావడంతో అనుమానం వచ్చింది. శుక్రవారం సాయంత్రం పెట్టిన బండిని మేం సోమవారం దాకా తియ్యం.

అప్పుడు పక్క ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయిగారు చెప్పిన పద్ధతి ఇది. మీరూ ఇదే చేయండి. బ్యాటరీని షాపులో పెట్టి రాత్రంతా నిండుగా చార్జ్ చేయించండి. జంప్ ఇచ్చి ఇరవై నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచితే నిండదు. మర్నాడు కారుకి బిగించి, సాయంత్రం పార్క్ చేశాక 10 నంబరు స్పానర్‌తో మైనస్ వైరు మాత్రం విప్పి పక్కకి పెట్టండి. పొద్దున వైరు బిగించే ముందు మల్టీమీటర్‌తో బ్యాటరీ ఓల్టేజీ కొలవండి. 12.6 ఓల్టుల దగ్గర ఉండి, వైరు పెట్టగానే స్టార్టయితే బ్యాటరీ నిర్దోషి, కరెంటు తాగుతున్నది కారే. వైరు తీసినా పొద్దుటికి 12.2కో ఇంకా కిందికో పడిపోయిందంటే, ఆల్టర్నేటర్ బాగానే ఉన్నట్టయితే, బ్యాటరీదే తప్పు. వారంటీ కార్డు పట్టుకుని వెళ్లండి.

నాకు 12.6 వచ్చింది. తర్వాత బాబాయిగారు మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టి, మైనస్ వైరుకీ బ్యాటరీకీ మధ్య కలిపారు. తలుపులన్నీ వేసి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంట ఆగాం. మామూలుగా 0.05 ఆంపియర్ల లోపు ఉండాలి. మాకు 0.35 చూపించింది. రోజుకి 8 ఏహెచ్‌కి పైగా, రెండున్నర రోజుల్లో 21. ఇక 35లో ఏం మిగులుతుంది? ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే, లోపలి లైటు ఫ్యూజు తీయగానే మీటరు 0.02కి పడింది. గ్లోవ్ బాక్స్ వెనక చెయ్యి పెడితే డాష్‌క్యామ్ (ముందు రోడ్డుని రికార్డు చేసే కెమెరా) అడాప్టర్ గోరువెచ్చగా తగిలింది. మార్చిలో బిగించినతను దాని వైరుని ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకి కలిపాడు. తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకి మార్చాం. రెండేళ్లయింది, మళ్లీ జంపర్ కేబుల్ తీయలేదు. మీ బండికి తర్వాత బిగించినవి ఏమైనా ఉన్నాయా? స్టీరియో, ఆంప్లిఫయర్, జీపీఎస్, అలారం, ముందు వాటినే అనుమానించండి. వెలుగుతూ ఉండిపోయిన డిక్కీ లైటు కూడా ఇదే పని చేస్తుంది.

ఆల్టర్నేటర్‌కి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి బ్యాటరీ మీద కొలిస్తే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12 చిల్లర దగ్గరే ఉండి క్రమంగా తగ్గుతుంటే ఆల్టర్నేటరో, దాని బెల్టో.

రెండు విషయాల్లో గట్టిగా చెబుతాను. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్‌ని పరీక్షిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, కాలిపోవచ్చు. అలాగే జంప్ ఇచ్చేటప్పుడు చివరి నల్ల క్లిప్పు డౌనైన బ్యాటరీకి కాకుండా, దూరంగా ఇంజన్ ఇనుముకి పెట్టండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మీటర్ మధ్యలో కలిపి ఉన్నప్పుడు తాళం తిప్పొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది.

ఇంకో సంగతి. పరీక్షలో బ్యాటరీ బలహీనంగా తేలినా, మైనస్ వైరు దగ్గర లీకేజీ (కారు ఆగి ఉన్నప్పుడు తాగే కరెంటు) కొలవకుండా కొత్తది పెట్టించకండి. రోజూ పూర్తిగా డౌనయ్యే బ్యాటరీ ఎంత కొత్తదైనా కొన్ని నెలల్లోనే పాడవుతుంది. పొద్దున వైరు పెట్టకముందు వచ్చిన ఓల్టేజీ, ఇంజన్ నడుస్తున్నప్పుడు వచ్చింది, రెండూ ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.