పెడల్‌కు వేలాడే తూకంరాయి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పంక్చర్లూ లేవు, సీటు నొప్పులూ లేవు. అన్నీ వాట్ల గొడవే. సైకిల్ తొక్కే కాళ్ల బలాన్ని వాట్లలో చూపే పవర్ మీటర్లు మన జిల్లాల్లోకి బాగానే వచ్చినట్టున్నాయి.

ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్లకు ఒక ముక్క. నేను కోచ్‌ని కాను. నెల్లూరులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసేవాణ్ణి. రైసు మిల్లుల్లో బస్తాలు తూచేవి, రొయ్యల చెరువు గట్ల మీద ఉప్పుగాలికి తుప్పుపట్టినవి, అన్నీ నా దగ్గరికే వస్తాయి. తెల్లవారుజామున మాత్రం సైకిలు. పవర్ మీటరు కొన్నప్పుడు దాని లోపల ఏముంటుందో చదివి నవ్వుకున్నాను. పాతికేళ్లుగా నేను తీగలకు టంకం పెట్టి బాగుచేస్తున్న స్ట్రెయిన్ గేజే, అంటే లోహం ఎంత వంగిందో చెప్పే సన్నటి తీగే, అందులోనూ ఉంది.

నెల్లూరు నుంచి మైపాడు బీచి దాకా ఆదివారాలు పోయి వస్తుంటాను. ఎడమ క్రాంక్‌కు (పెడల్ బిగించే కడ్డీకి) పవర్ మీటరు పెట్టించాను. జూన్‌లో ఒకరోజు పోయేటప్పుడు 145 వాట్లకే గంటకు 35 కిలోమీటర్ల వేగం వచ్చింది. వచ్చేటప్పుడు 185 వాట్లు పెట్టినా 25 దాటలేదు. మీటరు పాడైందా? — ఒక బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

మీటరు బాగానే ఉంది సార్. పడమటి గాలిని లెక్కలోకి తీసుకోండి.

మైపాడు మనకు తూర్పున. జూన్ తెల్లవారుజామున గాలి పడమట నుంచి వీస్తుంది. అది గంటకు 11 కిలోమీటర్ల గాలి అనుకుందాం, అంటే కొబ్బరాకు ఊగే పాటిది. పోయేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది కాబట్టి మీ ఒంటికి ఎదురుగా తగిలేది 35లో 11 పోగా 24 వేగం గాలే. వచ్చేటప్పుడు 25కి 11 కలిపి 36. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 36ని 24తో భాగిస్తే ఒకటిన్నర, దాని వర్గం రెండుంపావు. అంటే వేగం 10 తగ్గినా మీ ఛాతీకి తగిలిన గాలి బరువు రెండుంపావు రెట్లు. మీ రెండు అంకెలూ ఆ లెక్కకు చక్కగా సరిపోతున్నాయి.

వాట్లు మీరు చేసిన పని. వేగమంటే ఆ పనిలో గాలి, రోడ్డు, టైరు తమ వాటా తీసుకోగా మిగిలింది. ఇందుకూరుపేట దాటాక ఎదురుగాలిలో వేగం చూసి ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాను, అందులో నేనూ ఉన్నాను. వచ్చే ఆదివారం హ్యాండిల్ మీద అంకెలు చూపే బోర్డులో వేగం కనపడకుండా తీసేయండి. పోను రాను 160 దగ్గరే నిలపండి. పోయేటప్పుడు ఇంత తొందరేమిటి అనిపిస్తుంది, వచ్చేటప్పుడు ఇంత బద్ధకమేమిటి అనిపిస్తుంది. కాళ్లకు మాత్రం రెండూ ఒకటే.

అన్నట్టు, మీది ఎడమ కాలి మీటరు. అది ఎడమ కాలి బలాన్ని కొలిచి రెండుతో గుణిస్తుంది, కుడి కాలు దానికి తెలియదు. మీ కాళ్లు 48, 52గా పంచుకుంటుంటే నిజంగా 200 ఉన్నచోట అది 192 చూపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. ఎప్పుడూ అదే మీటరుతో పోల్చుకున్నంతకాలం ఫరవాలేదు. వేరేవాళ్ల మీటరుతో మాత్రం పోల్చకండి.

మీటరు ‘కాలిబ్రేట్’ చేయమని రోజూ అడుగుతుంది. చేయకపోతే ఏమవుతుంది? — ఒక పాఠకుడు, కావలి

ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను.

కాటా మీద సరుకు పెట్టే ముందు సున్నా చేస్తాం కదా, ఇదీ అదే. పెడల్ నొక్కినప్పుడు క్రాంక్‌గానీ పెడల్ ఇరుసుగానీ కంటికి కనపడనంత వంగుతుంది. దాని మీద అతికించిన సన్నటి తీగ సాగుతుంది, సాగితే దాని నిరోధం మారుతుంది. ఆ మార్పును బలంగా చదివి, కాలు తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు. 1986లో జర్మనీలో ఉల్రిష్ షోబరర్ అనే ఇంజనీరు క్రాంక్‌లో గేజులు పెట్టి మొదలుపెట్టిన దారి ఇది. అయితే లోహం ఎండకూ వ్యాకోచిస్తుంది. ఎవరూ తొక్కకపోయినా గేజు ‘ఏదో బరువుంది’ అనుకుంటుంది. చాలా మీటర్లు వేడిని బట్టి తమంతట తామే సర్దుకుంటాయి. అయినా ఏసీ గదిలోంచి తీసిన సైకిల్‌ను బయట పది నిమిషాలు నిలబెట్టి, పెడల్ మీద కాలు లేకుండా సున్నా చేసుకోండి. యాప్‌లో కాలిబ్రేట్ అని రాసి ఉన్నా అక్కడ జరిగేది సున్నా చేయడమే. కాటా సరిగ్గా తూస్తోందా అన్నది వేరే పరీక్ష.

ఆ పరీక్ష నేను ఇంట్లో చేశాను. నా మీటరు పెడల్లో ఉండే రకం. దాని యాప్‌లో టార్క్, అంటే క్రాంక్‌ను తిప్పే బలం, అంకెగా కనిపిస్తుంది. వెనక చక్రానికి బ్రేకు బిగించి, క్రాంక్‌ను నేలకు సమాంతరంగా నిలిపి, కొట్లో ముద్ర వేయించిన 20 కిలోల తూకంరాయిని తాడుతో పెడల్‌కు వేలాడదీశాను. 170 మిల్లీమీటర్ల క్రాంక్‌కు లెక్క ప్రకారం 33.4 న్యూటన్ మీటర్లు రావాలి. 34.3 వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ 34.3. కుడి పెడల్‌కూ అంతే.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నేను అనుమానించింది రాయిని. పాతికేళ్లు ఊరందరి కాటాలనూ అనుమానించి రాళ్లను నమ్మినవాణ్ణి, నా అంకె తగ్గుతుందనేసరికి రాయే ఎక్కువ బరువుందేమో అనుకున్నాను. రాత్రి అన్నం తింటుంటే వెలిగింది. పెడల్ మీటరు బలాన్నే కొలుస్తుంది, క్రాంక్ పొడవు మనం చెప్పాలి. సెట్టింగ్ తీసి చూస్తే 175 అని ఉంది. పెట్టింది నేనే. అంటే నాలుగు నెలలుగా ప్రతి 200 వాట్లూ 206గా చూసుకుని మురిసిపోయాను. ఆ ఆరు వాట్లకు ఇంట్లో బొబ్బట్లు కూడా చేయించాను.

కాబట్టి మీ దగ్గర పెడల్ మీటరు ఉంటే, ముందు క్రాంక్ లోపలి వైపు చెక్కి ఉన్న అంకె చదవండి.

20 నిమిషాల టెస్టులో నాకు 220 వాట్లు వచ్చాయి, నా స్నేహితుడికి 260. నా బరువు 62 కిలోలు, వాడిది 84. వాడు తెగ ఏడిపిస్తున్నాడు. నిజంగా వాడే గట్టివాడా? — ఒక పాఠకుడు, ఒంగోలు

ఏ రోడ్డు మీద అన్నదాన్ని బట్టి.

ముందు మీ ఎఫ్‌టీపీ. దాదాపు గంటసేపు కూలబడకుండా నిలపగలిగే వాట్లని దాని అర్థం. గంట టెస్టు ఎవరూ చేయరు కాబట్టి 20 నిమిషాల సగటులో 5 శాతం తీసేస్తారు. మీది 209, ఆయనది 247. కొత్తపట్నం బీచి రోడ్డు బల్లపరుపు, అక్కడ ఎదురు నిలిచేది గాలే. బరువు తేడా అంతగా బాధించదు, ఆయన మిమ్మల్ని వదిలేసి పోతాడు. అదే ఇద్దరూ గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఎక్కండి. అక్కడ లెక్క కిలోకు ఎన్ని వాట్లన్నదే. మీకు 3.37, ఆయనకు 2.94. మీరు పైన ఆగి నీళ్లు తాగి, ఆయన కోసం ఫోటోలు తీస్తూ కూర్చోవచ్చు. ఏడిపించే పని ఆ రోజుకు దాచుకోండి.

టెస్టు సంగతి ఒకటి. మధ్యలో రైలు గేటు, సంత, స్పీడు బ్రేకర్లు లేని రోడ్డు చూసుకోండి. ముందు బాగా ఒళ్లు వేడెక్కించి, ఐదు నిమిషాలు గట్టిగా తొక్కి, తేరుకున్నాక 20 నిమిషాలు మొదలుపెట్టాలి. ఆ గట్టి ఐదు నిమిషాలు ఎగ్గొడితే 5 శాతం తీసినా అంకె ఎక్కువే వస్తుంది. టెస్టులో మొదటి ఐదు నిమిషాలు ‘ఇంకొంచెం తొక్కొచ్చే’ అనిపించాలి. అలా అనిపించకపోతే పన్నెండో నిమిషంలో మీ పని అయిపోతుంది.

209 వచ్చింది కదా అని రోజూ 200 తొక్కొద్దు. వారంలో ఎక్కువ భాగం అందులో 56 నుంచి 75 శాతం మధ్య, అంటే 117 నుంచి 157 వాట్ల మధ్య ఉండాలి. పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగే జోరు అది. మగవాళ్లకు ఇది మింగుడుపడదు, సైకిల్ మీద ఎవరైనా దాటిపోతే ప్రాణం పోతుంది.

జనవరిలో 140 వాట్లకు నా గుండె 142 దగ్గర ఉండేది. మే నెలలో అదే 140కి 160 దాటుతోంది. తొక్కడం మానలేదు, బరువు పెరగలేదు. ఫిట్‌నెస్ పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక టీచరు, మార్కాపురం

పోలేదమ్మా. మార్కాపురం మే నెలలో మీరు తొక్కడమే గొప్ప.

పెడల్ దగ్గర 140 వాట్లు కనిపిస్తున్నాయంటే, ఒళ్లు ఖర్చుపెడుతున్నది 600 వాట్ల దాకా ఉంటుంది. మన కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతు కూడా పనిగా మార్చలేవు. మిగిలిన 450 పైచిలుకు వేడే. పాతకాలపు వంద వాట్ల బల్బులు నాలుగైదు పొట్టలో వెలిగించుకుని తిరుగుతున్నట్టు. జనవరి తెల్లవారుజామున ఆ వేడిని గాలి లాగేస్తుంది. రోహిణి కార్తెలో గాలే వేడి. అప్పుడు ఒళ్లు రక్తాన్ని చల్లబడడానికి చర్మం వైపు పంపుతుంది, చెమటతో రక్తంలో నీరూ తగ్గుతుంది, ఉన్న రక్తంతో కాళ్లనూ చర్మాన్నీ సముదాయించడానికి గుండె వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. ఇదంతా మీటరుకు తెలియదు. దానికి తెలిసింది పెడలే.

అందుకే వాట్లూ గుండె రెండూ పక్కపక్కన చూడాలి. మీరు పంపిన గంటన్నర రైడ్ కాగితం చూశాను. మొదటి సగంలో 140 వాట్లు, గుండె 142, భాగిస్తే 0.986. రెండో సగంలో 138 వాట్లు, గుండె 156, భాగిస్తే 0.885. పది శాతం జారింది. చల్లటి రోజు, నిలకడగా తొక్కిన రైడ్‌లో ఇది 5 శాతం లోపు ఉంటే మీ దమ్ము ఆ దూరానికి సరిపోతోందని అర్థం. మేలో పది జారితే దమ్ము తగ్గిందో ఎండ దెబ్బ కొట్టిందో ఈ అంకె ఒక్కటే విడదీసి చెప్పలేదు. అదే రైడ్‌ను చలికాలంలో చేసి చూస్తేనే తేలుతుంది.

ప్రస్తుతానికి మేలో వాట్లను వదిలేసి గుండెను పట్టుకోండి. 145 దాటగానే వాట్లు 120కి పడినా సరే, పడనివ్వండి. వారం పది రోజులు, మహా అయితే రెండు వారాలు వరసగా తొక్కితే ఒళ్లు ఎండకు కొంత అలవాటు పడుతుంది. ఏడు గంటల్లోపు ఇంటికి వచ్చేయండి. మజ్జిగలో ఉప్పు వేసుకోవడం ఎవరూ చెప్పక్కర్లేదనుకుంటాను. తల తిరిగినా, చెమట ఆగిపోయినా దిగిపోయి నీడకు చేరండి. ఆ సమయంలో మీటరు వైపు చూడొద్దు.

అన్నా, నా రైడ్‌లో సగటు 128 అనీ, నార్మలైజ్డ్ పవర్ 161 అనీ చూపిస్తోంది. ఏది నిజం? — ఒక డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

రెండూ నిజమే అబ్బయ్యా. రొయ్యలు అమ్మేటప్పుడు ‘కౌంట్ నలభై’ అంటారు, కిలోకు నలభై తూగుతాయని. బుట్టలో చెయ్యి పెట్టి చూస్తే సగం పాతిక కౌంట్‌వి, సగం పిల్లవి. సగటు అబద్ధం కాదు, అయినా కొనేవాడు మోసపోతాడు. నువ్వు ట్రంకు రోడ్డు మీద తొక్కావు. ఆటో అడ్డం వస్తే సున్నా, సందు దొరికితే 400. ఆ సున్నాలన్నీ సగటులో కలిశాయి. కాళ్లు మాత్రం 400లనే గుర్తుపెట్టుకుంటాయి.

ఆండ్రూ కాగన్ అనే అమెరికన్ ఫిజియాలజిస్టు ఈ తేడా పట్టుకోవడానికే ఈ లెక్క కట్టాడు. 30 సెకన్ల సగటులు తీసి, ఒక్కొక్కదాన్ని నాలుగో ఘాతానికి పెంచి, వాటి సగటుకు నాలుగో మూలం తీయడం. పెద్ద అంకెలకు ఎక్కువ బరువు పడుతుంది. అదే మైపాడు రోడ్డు మీద నిలకడగా తొక్కితే సగటూ అదీ దాదాపు ఒకటే వస్తాయి. నీ రెండూ ఇంత దూరంగా ఉన్నాయంటే అది ట్రైనింగ్ రైడ్ కాదు, ట్రాఫిక్ రైడ్. ఐదింటికే లేచి బయటపడు.

బోర్డు మీద ఏ అంకె పెట్టుకోవాలి? అప్పటికప్పటి వాట్లు కోతిలా గెంతుతున్నాయి. — ఒక పాఠకుడు, కందుకూరు

మూడు సెకన్ల సగటు పెట్టుకోండి, నిలకడ రైడ్‌కైతే పది. పక్కన గుండె, దాని కింద గడిచిన టైము. నేను ఇంకేమీ పెట్టుకోను. చెరువుల రోడ్డు మీద రొయ్యల లారీ ఎదురొచ్చినప్పుడు చూడాల్సింది బోర్డు కాదు కదా.